వండర్ ఉమన్ సంకెళ్లు ఎక్కడివి?

1943 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ఆల్-అమెరికన్ పబ్లికేషన్స్ అధిపతి మాక్స్‌వెల్ చార్లెస్ గెయిన్స్ తన దగ్గర రాసే ఒక రచయితకు ఉత్తరం రాసి, దానికి ఒక జాబితా జతచేశాడు. గొలుసులు వాడకుండా ఆడవాళ్లను బంధించి ఉంచడానికి ఎన్ని మార్గాలున్నాయో ఆ కాగితంలో ఉంది. దాన్ని తయారుచేసింది ఆయన కార్యాలయంలోనే పనిచేసే డొరొతీ రూబిచెక్ అనే సహాయ సంపాదకురాలు. ఈ మార్గాలు పట్టుకుంటే గొలుసుల బొమ్మలు సగం నుంచి ముప్పాతిక వంతు వరకు తగ్గించవచ్చు, కథలో పట్టు గానీ పుస్తకం అమ్మకం గానీ తగ్గదు అని గెయిన్స్ నచ్చజెప్పాడు. ఉత్తరం అందుకున్న రచయిత విలియం మౌల్టన్ మార్‌స్టన్. ఆ పుస్తకం ‘వండర్ ఉమన్’. అప్పటికి ఆ పాత్ర పుట్టి రెండేళ్లు.

ప్రచురణకర్త తన పుస్తకంలోని గొలుసులు లెక్కపెట్టుకుని కంగారుపడటం వింతగానే తోస్తుంది. కానీ ఆ గొలుసులు ఎక్కడి నుంచి వచ్చాయో వెతుక్కుంటూ వెళ్తే 1910ల నాటి ఓటు హక్కు ఊరేగింపులు, బ్రూక్లిన్‌లో పోలీసులు మూయించిన ఒక క్లినిక్, ఒక హాస్యపత్రికలో కార్టూన్ల పేజీ కనబడతాయి. వండర్ ఉమన్‌ను గ్రీకు పురాణం నుంచి దిగివచ్చిన నాయికగా చూడటం మనకు అలవాటు. ఆమె వేషం, ఆయుధాలు గ్రీకువే కావచ్చు. ఆమె కథ మాత్రం అంతకు ముప్పై ఏళ్ల ముందు అమెరికా వీధుల్లో నడిచిన కథ.

ముందు అచ్చు సంగతి. అమెరికాలో కామిక్ పుస్తకాన్ని ఒక సరుకుగా నిలబెట్టినవాళ్లలో గెయిన్స్ ఒకడు. దినపత్రికల్లో వచ్చిన బొమ్మల కథలను పోగుచేసి 1933లో ‘ఫన్నీస్ ఆన్ పరేడ్’ పేరుతో పుస్తకంగా వేసిన పనిలో ఆయన చేయి ఉంది. 1938 జూన్ తేదీతో వచ్చిన ‘యాక్షన్ కామిక్స్’లో సూపర్‌మ్యాన్, మరుసటి ఏడు ‘డిటెక్టివ్ కామిక్స్’లో బ్యాట్‌మ్యాన్ కనబడ్డాక ఈ పది సెంట్ల పుస్తకాలు లక్షల కొద్దీ అమ్ముడుపోయాయి. పెద్దలకు బెంగ పట్టుకుంది. 1940 మే 8న ‘షికాగో డైలీ న్యూస్’లో స్టెర్లింగ్ నార్త్ ఇవి జాతికే తలవంపులని విరుచుకుపడ్డాడు. ఆ వ్యాసాన్ని దేశమంతటా పత్రికలు తిరిగి వేసుకున్నాయి. పిల్లల మనసు తెలిసిన పెద్దమనిషి ఎవరైనా తన పక్షాన మాట్లాడితే బాగుండునని గెయిన్స్‌కు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అలాంటి పెద్దమనిషి 1940 అక్టోబరు 25 నాటి ‘ఫ్యామిలీ సర్కిల్’ పత్రికలో దొరికాడు. ఆలివ్ రిచర్డ్ అనే విలేకరి ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఇంటికి వెళ్లి, కామిక్స్ చదివితే పిల్లలు చెడిపోతారా అని అడిగింది. ఆ భయం అక్కర్లేదని ఆయన ధైర్యం చెప్పాడు. ఏదో ముఖపరిచయం ఉన్న డాక్టరుగారి దగ్గరికి సలహా కోసం వెళ్లినట్టుంటుంది ఆ రాత. నిజానికి ఆ విలేకరి కాపురం ఆ ఇంట్లోనే. ఆయన నలుగురు పిల్లల్లో ఇద్దరికి తల్లి ఆమే. అసలు పేరు ఆలివ్ బర్న్. ఆ శాస్త్రవేత్త మార్‌స్టనే. ఆ ముఖాముఖి చదివిన గెయిన్స్ ఆయనను సలహాదారుగా పెట్టుకున్నాడు. మగవీరులు చాలామంది ఉన్నారు, ఈసారి ఆడమనిషిని పెట్టండి అని మార్‌స్టన్ ఆయనకు చెప్పాడు. ఆ మాట ముందుగా అన్నది మార్‌స్టన్ భార్య ఎలిజబెత్ హాలోవే అని వాళ్ల కుటుంబంలో చెప్పుకునేవారు. 1941 ఫిబ్రవరిలో మొదటి రాతప్రతి వచ్చినప్పుడు నాయిక పేరు ‘సుప్రీమా’. సంపాదకుడు షెల్డన్ మేయర్ దాన్ని కొట్టేసి ‘వండర్ ఉమన్’ మాత్రం ఉంచాడు. రచయితగా అచ్చయిన పేరు చార్లెస్ మౌల్టన్: గెయిన్స్ పేరులోంచి ఒక ముక్క, మార్‌స్టన్ పేరులోంచి ఒక ముక్క.

మార్‌స్టన్ 1911లో హార్వర్డ్‌లో చేరాడు. ఆ డిసెంబరులోనే అక్కడి విద్యార్థుల ఓటు హక్కు సంఘం బ్రిటన్ ఉద్యమ నాయకురాలు ఎమలీన్ పాంక్‌హర్స్ట్‌ను పిలిస్తే, విశ్వవిద్యాలయం తన ఆవరణలో ఆమెను మాట్లాడనివ్వలేదు. ఆమె బయట బ్రాటిల్ హాలులో ప్రసంగించింది. కాదన్నందువల్లే జనం మరింత విరగబడి వచ్చారు. పాంక్‌హర్స్ట్ దేశంలో ఉద్యమకారిణులు 1908లోనే ప్రధానమంత్రి నివాసం ముందు ఇనుప కటకటాలకు తమను తాము గొలుసులతో కట్టేసుకున్నారు. అమెరికాలోనూ ఊరేగింపుల్లో, కరపత్రాల్లో, కార్టూన్లలో సంకెళ్ల స్త్రీ, సంకెళ్లు తెంచుకునే స్త్రీ పదేపదే కనబడేది. గ్రీకు పురాణాల్లోని యోధ స్త్రీలైన అమెజాన్లన్నా ఆ తరానికి మక్కువే. మగవాళ్లు ఓడ పగిలి రెక్కల స్త్రీలుండే దీవికి చేరే కథను ఇనెజ్ హేన్స్ గిల్మోర్ 1914లో ‘ఏంజెల్ ఐలండ్’ నవలగా రాసింది. మగవాళ్లే లేని దేశం గురించి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ మరుసటి ఏడు తన పత్రికలో ‘హర్‌ల్యాండ్’ను ధారావాహికగా వేసింది. వండర్ ఉమన్ పుట్టిన ప్యారడైజ్ ఐలండ్‌లో విమానం కూలి అమెరికన్ సైనికుడు స్టీవ్ ట్రెవర్ అమెజాన్ల చేతికి చిక్కే ఘట్టం ఈ వరసలోనిదే.

1915లో మార్‌స్టన్‌ను పెళ్లాడిన ఎలిజబెత్ మౌంట్ హోల్యోక్ కళాశాలలో గ్రీకు చదువుకున్న మనిషి, సాఫో కవిత్వమంటే ప్రాణం. న్యాయశాస్త్రం చదువుతానంటే హార్వర్డ్ తలుపు ఆడవాళ్లకు మూసే ఉంది. అది 1950 దాకా తెరుచుకోలేదు. ఆమె బోస్టన్ విశ్వవిద్యాలయంలో చేరి 1918లో పట్టా పుచ్చుకుంది. వండర్ ఉమన్ ఉలిక్కిపడినప్పుడల్లా సాఫో పేరు తలుస్తుంది. ఆ ఊతపదం ఏ ఇంటి అల్మారా నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మార్‌స్టన్‌కు ఉద్యోగం ఒకచోట నిలవలేదు. ఏళ్ల తరబడి ఆ ఇంటిని పోషించింది ఎలిజబెత్ జీతమే.

ఆయన చదువులో పేరు తెచ్చినది అబద్ధాన్ని పట్టే పరీక్ష. అబద్ధం చెప్పేటప్పుడు రక్తపోటు పెరుగుతుందని 1915 నుంచి ప్రయోగాలు చేశాడు. జేమ్స్ ఫ్రై అనే యువకుడు నిందితుడైన హత్య కేసులో ఆ పరీక్షను సాక్ష్యంగా తీసుకోమని వాదిస్తే 1923లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు నిరాకరించింది. శాస్త్రజ్ఞులు సాధారణంగా ఒప్పుకున్న పద్ధతి అయితేనే కోర్టులో చెల్లుతుందన్న ఆ తీర్పు అమెరికా న్యాయస్థానాలను దశాబ్దాల పాటు శాసించింది. కోర్టు కాదన్న పనిముట్టును మార్‌స్టన్ 1942లో తన నాయిక నడుముకు తగిలించాడు. ఆమె బంగారు తాడు అమెజాన్ల రాణి హిపాలిటా వడ్డాణంలోని కొండీలతో అల్లినది. హెర్క్యులస్ తొమ్మిదో సాహసం ఆ వడ్డాణాన్ని తేవడమే కదా. తొలి కథల్లో ఆ తాడుకు చిక్కినవాడు ఏం చెప్తే అది చేయాలి. నిజం కక్కడం ఆ విధేయతలో ఒక భాగం. నిజం చెప్పించే తాడుగానే పేరుపడింది తర్వాతి రోజుల్లో.

ఇప్పుడు ఆలివ్ బర్న్ సంగతికి రావాలి. నా దృష్టిలో ఈ చరిత్రకు గుండెకాయ అక్కడే ఉంది. ఆమె తల్లి ఎథెల్ బర్న్, పెద్దమ్మ మార్గరెట్ శాంగర్. ఈ అక్కచెల్లెళ్లు 1916 అక్టోబరు 16న బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్‌లో అమెరికాలోనే మొట్టమొదటి సంతాన నిరోధ క్లినిక్ తెరిచారు. కొద్ది రోజుల్లోనే పోలీసులు మూయించి ఇద్దరినీ అరెస్టు చేశారు. 1917 జనవరిలో ఎథెల్‌కు నెల రోజుల శిక్ష పడింది. జైల్లో ఆమె అన్నం, నీళ్లు ముట్టలేదు. అధికారులు గొంతులోకి గొట్టం దింపి బలవంతంగా ఆహారం పోశారు. పత్రికలు రోజూ మొదటి పేజీలో రాశాయి. గవర్నరు క్షమాభిక్షతో ఆమె బయటపడే నాటికి లేవలేని స్థితిలో ఉంది. అప్పటికి ఆలివ్ పదమూడేళ్లు కూడా నిండని పిల్ల. 1920ల నడుమ ఆమె టఫ్ట్స్ కళాశాలలో చదువుతుండగా పాఠం చెప్పడానికి వచ్చాడు మార్‌స్టన్. తర్వాత ఆమె ఆ దంపతుల ఇంట్లోనే స్థిరపడింది. ఎలిజబెత్ ఉద్యోగానికి వెళ్తే నలుగురు పిల్లలనూ ఆలివ్ పెంచింది. బయటివాళ్లకు ఆమెను భర్త పోయిన బంధువని చెప్పుకున్నారు. తండ్రి ఎవరో ఆమె కొడుకులకే చాలా ఏళ్లు తెలియనివ్వలేదు. ఆమె రెండు చేతులకూ వెడల్పాటి కడియాలు వేసుకునేది.

ఆ కడియాలే కథలోకి వచ్చాయి. అమెజాన్లను హెర్క్యులస్ మోసంతో జయించి గొలుసులు వేయిస్తాడు. ప్రేమదేవత ఆఫ్రొడైటీ వాళ్లను విడిపిస్తూ, మగవాడికి లొంగిన రోజు గుర్తుండాలని ఆ కడియాలు ఎన్నడూ తీయవద్దంటుంది. 1941 చివర ‘ఆల్ స్టార్ కామిక్స్’ ఎనిమిదో సంచికలో వచ్చిన తొమ్మిది పేజీల తొలి కథలో ఆఖరి పందెం చూడండి. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి ఒకరిమీద ఒకరు పిస్తోలు పేల్చుకుంటారు, వచ్చిన తూటాను మణికట్టు మీది కడియంతో కొట్టేయాలి. ఓడినామె భుజానికి తూటా తగులుతుంది. గెలిచినామే వండర్ ఉమన్‌గా అమెరికాకు బయలుదేరుతుంది. లొంగుబాటు గుర్తును ఆత్మరక్షణకు వాడుకోవడం ఆ పందెంలో ఉన్న అసలు విశేషం. ఆమెకు ఒక్కటే బలహీనత. ఆ రెండు కడియాలనూ మగవాడెవడైనా గొలుసుతో కలిపి బంధిస్తే ఆమె బలం పోతుంది. అందుకే ప్రతి కథలోనూ గొలుసు, ప్రతి కథలోనూ విడుదల.

బొమ్మలు వేసిన హ్యారీ జి. పీటర్‌కు అప్పటికి అరవై దాటాయి. ఈ కొత్త వ్యాపారంలో చాలామంది చిత్రకారులు ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు. పీటర్‌ను ఎంచుకోవడం వెనుక ఒక పాత సంబంధం పలుకుతుంది. 1910లలో ఆయన ‘జడ్జ్’ అనే హాస్యపత్రికకు బొమ్మలు వేసేవాడు. ఆ పత్రికలో స్త్రీల ఓటు హక్కుకోసం ప్రత్యేకంగా ఒక పేజీ నడిచేది. దానికి ప్రధాన చిత్రకారిణి లూ రోజర్స్. 1912 అక్టోబరులో ఆమె వేసిన కార్టూన్‌లో ఒక స్త్రీని భుజాల నుంచి తాళ్లతో చుట్టేసి ఉంటారు. ఆమె ఒళ్లంతా బిగించి తెంచుకుంటూ ఉంటుంది. రాజకీయాలు ఆడవాళ్లకు తగవన్న అర్థం వచ్చే రాత ఆ తాడు మీదే కనబడుతుంది. దాన్నీ, ముప్పై ఏళ్ల తర్వాత పీటర్ వేసిన వండర్ ఉమన్ బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూస్తే భుజాల బిగువులో, తెగిపోయే తాళ్ల వంపులో ఒకే బడి చిత్రకళ తెలుస్తుంది. 1920లో అమెరికా రాజ్యాంగ సవరణతో ఓటు వచ్చాక ఆ బొమ్మలకు పని తీరిపోయిందని అందరూ అనుకున్నారు. (ఆ మరుసటి ఏడే మద్రాసు శాసనమండలి ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు ఓటు ఇచ్చింది. ఆ ప్రెసిడెన్సీలో కోస్తా, రాయలసీమ తెలుగువాళ్లూ ఉన్నారు.) పీటర్ కలం మాత్రం ఆ బొమ్మను మర్చిపోలేదు.

అయితే గొలుసులన్నీ ఉద్యమం నుంచే వచ్చాయని చెప్తే అది సగం నిజమే అవుతుంది. మార్‌స్టన్‌కు సొంత సిద్ధాంతం ఒకటుంది. 1928లో అచ్చయిన తన ‘ఎమోషన్స్ ఆఫ్ నార్మల్ పీపుల్’లో విధేయతను మనిషికి సుఖమిచ్చే సహజ భావంగా వర్ణించాడు. ప్రేమతో పాలించేవాళ్లకు లోబడటం నేర్చుకుంటేనే లోకంలో యుద్ధాలు ఆగుతాయని, అలా పాలించగలిగినవాళ్లు ఆడవాళ్లేనని నమ్మాడు. 1937 నవంబరులో విలేకరులను పిలిచి మరో వెయ్యేళ్లకు ప్రపంచాన్ని ఆడవాళ్లు ఏలుతారని ప్రకటించాడు. 1943లో ‘వండర్ ఉమన్’ ఏడో సంచిక అట్ట మీద వండర్ ఉమన్ అధ్యక్ష పదవికి ప్రచారం చేస్తుంది, కథ జరిగేది వెయ్యేళ్ల తర్వాత. ఈ సిద్ధాంతంలో స్త్రీలమీద గౌరవం ఉంది, బంధనం మీద మోజూ ఉంది. రెండింటినీ విడదీసి ఒకదాన్ని దాచిపెట్టే పని చరిత్రకారుడు చేయకూడదు.

ఆ మోజును కనిపెట్టినవాళ్లు ఆనాడే ఉన్నారు. 1942లోనే క్యాథలిక్ బిషప్పుల ఆధ్వర్యంలోని సంస్థ నాయిక ఒంటిమీద బట్టలు చాలవని ఆమె కథలు వచ్చే ‘సెన్సేషన్ కామిక్స్’ను తన నిషిద్ధ జాబితాలో చేర్చింది. ఆ అభ్యంతరం కన్నా లోతైనది జోసెట్ ఫ్రాంక్‌ది. పిల్లల చదువుల మీద పనిచేసిన ఆమె గెయిన్స్ సలహామండలిలోనే సభ్యురాలు. గొలుసులకు కట్టిన, హింసకు గురయ్యే ఆడవాళ్ల బొమ్మలు పిల్లలకు తగవని 1943 ఫిబ్రవరిలో రాసింది. ఆమె మాటను మార్‌స్టన్ తేలిగ్గా తీసిపారేశాడు. తర్వాత సైన్యంలోని ఒక సార్జెంటు నుంచి ఉత్తరం వచ్చింది. గొలుసుల్లో ఉన్న ఆడవాళ్లంటే తనకెంత ఇష్టమో అతను విప్పి రాసుకున్నాడు. దాన్ని చూసి గెయిన్స్‌కు ముచ్చెమటలు పోశాయి. రూబిచెక్ జాబితా ఆ నేపథ్యంలో పుట్టింది. గొలుసులు కొన్ని తగ్గాయేమో గానీ పోలేదు, ఎందుకంటే పుస్తకం అమ్ముడుపోతోంది.

సంపాదకవర్గంలో మిగతావాళ్లకు ఈ నాయిక ఎలా కనబడిందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. సూపర్‌హీరోల సంఘం జస్టిస్ సొసైటీలో ఆమెను చేర్చుకోవాలా అని 1942లో పాఠకులను అడిగితే అబ్బాయిలూ అమ్మాయిలూ పెద్ద ఎత్తున అవునన్నారు. ఆ కథలు రాసే గార్డ్‌నర్ ఫాక్స్ ఆమెను చేర్చుకున్నాడు, కార్యదర్శిగా. మగవీరులు యుద్ధానికి వెళ్తే ఆమె ఆఫీసులో ఉండి ఉత్తరాలు చూసుకోవాలి. మార్‌స్టన్ సొంత పుస్తకంలో ఆమె అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న కాలం అది. అదే పుస్తకంలో టెన్నిస్ ఛాంపియన్ ఆలిస్ మార్బుల్ పేరుతో ‘వండర్ ఉమెన్ ఆఫ్ హిస్టరీ’ అనే శీర్షిక నడిచింది. మొదటి సంచికలో ఫ్లోరెన్స్ నైటింగేల్, తర్వాత ఓటు హక్కు నాయకురాలు సూసన్ బి. ఆంథొనీ. పది సెంట్ల పుస్తకంలో పిల్లలకు చరిత్ర పాఠం దొరికేది.

1944లో మార్‌స్టన్‌కు పోలియో వచ్చి మంచం పట్టాడు. అంతకు కొంచెం ముందే జాయ్ హమ్మెల్‌ను సహాయకురాలిగా పెట్టుకున్నాడు. ఆమె ఆయన మనస్తత్వశాస్త్ర పాఠాలు విన్న పంతొమ్మిదేళ్ల విద్యార్థిని. చేరిన రోజుల్లో ఆలివ్ బర్న్ ఆమె చేతిలో ఒక పుస్తకం పెట్టి, వండర్ ఉమన్ గురించి తెలుసుకోవాల్సినదంతా ఇందులో ఉందని చెప్పింది. అది మార్గరెట్ శాంగర్ 1920లో రాసిన ‘ఉమన్ అండ్ ద న్యూ రేస్’. శాంగర్‌తో తమ చుట్టరికాన్ని లోకానికి దాచిన కుటుంబం, కథలు రాసే అమ్మాయికి మాత్రం ఆమె పుస్తకాన్నే పాఠ్యగ్రంథంగా ఇచ్చింది. హమ్మెల్ 1947 దాకా ఎన్నో పూర్తి కథలు సొంతంగా రాసింది. అచ్చులో మాత్రం అన్నిటి కిందా చార్లెస్ మౌల్టనే.

1947 మే 2న మార్‌స్టన్ కన్నుమూశాడు. గెయిన్స్ అప్పటికే తన సంస్థను డీసీ కామిక్స్ యజమానులకు అమ్మేశాడు, ఆ ఆగస్టులో పడవ ప్రమాదంలో చనిపోయాడు. పుస్తకాన్ని తానే చూసుకుంటానని ఎలిజబెత్ రాసిన ఉత్తరాన్ని కంపెనీ పట్టించుకోలేదు. పగ్గాలు రాబర్ట్ కానిగర్‌కు దక్కాయి. యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్లను ఇళ్లకు పంపుతున్న రోజులవి. 1949లో ‘సెన్సేషన్ కామిక్స్’ 94వ సంచిక అట్ట మీద స్టీవ్ ట్రెవర్ వండర్ ఉమన్‌ను రెండు చేతులా ఎత్తుకుని వాగు దాటిస్తున్నాడు. ఒంటిచేత్తో కార్లు ఎత్తే మనిషికి ఆ సాయం ఎందుకో తెలియదు. చరిత్రలోని స్త్రీల శీర్షిక స్థానంలో పెళ్లి ఆచారాల శీర్షిక వచ్చింది. 1954లో మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థమ్ తన పుస్తకంలో ఈ నాయిక ఆడపిల్లలను తప్పుదోవ పట్టిస్తుందని ఆరోపించాడు. అదే ఏడు సెనేట్ కమిటీ విచారణ తర్వాత ప్రచురణకర్తలు కామిక్స్ కోడ్ తెచ్చుకున్నారు. ఆ విచారణలో అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్న ప్రచురణకర్త గెయిన్స్ కొడుకు విలియం. తండ్రి వదిలిపోయిన చిన్న సంస్థలో అతను భయానక కథలు వేసేవాడు.

1968లో ఆమె శక్తులన్నీ వదులుకుని బట్టల దుకాణం పెట్టుకుంది. ఆ కాలం గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. 1972 సంగతి వేరు. ఆ జులైలో ‘మిజ్’ అనే స్త్రీవాద పత్రిక తొలి నెలవారీ సంచిక అట్ట మీద వండర్ ఉమన్ వీధిని దాటుకుంటూ భారీ అంగలు వేస్తూ వస్తోంది. ఒకవైపు వియత్నాం యుద్ధం, ఒకవైపు అమెరికా వీధి. ఆమెను అధ్యక్షురాలిని చేయమనే నినాదం పైన ఉంది. మార్‌స్టన్ ఏడో సంచికకు అది సూటి ప్రతిధ్వని. సంపాదకురాలు గ్లోరియా స్టైనమ్ చిన్నప్పుడు ఆ కథలు చదివి పెరిగిన మనిషి. పాత కథలను ఎంచి అదే ఏడు పుస్తకంగా కూడా తెచ్చారు. ఈ కలయిక వెనుక డబ్బు సంబంధమూ ఉంది. డీసీని కొన్న కినీ సంస్థ వార్నర్ కమ్యూనికేషన్స్‌గా మారి, కొత్త పత్రికలో పది లక్షల డాలర్లు పెట్టింది. అట్ట మీద బొమ్మ, పత్రిక వెనుక పెట్టుబడి ఒకే గూటివి. ఉద్యమం చిత్తశుద్ధిని ఇది తగ్గించదు. ఏ పాత్ర ఎవరి చేతికి ఎలా వస్తుందో మాత్రం తెలుస్తుంది.

ఆ ఏడు చివర మరొకటి జరిగింది. శామ్యూల్ డిలేని రాసిన 203వ సంచిక స్త్రీ విముక్తి ప్రత్యేక సంచికగా వచ్చింది. కనీస వేతనం కూడా ఇవ్వకుండా ఆడవాళ్లతో పని చేయించుకునే ఒక పెద్ద దుకాణం మీద నాయిక పోరాడి దాన్ని మూయిస్తుంది. ఉపాధి పోయిన ఆడవాళ్లు చివరి పేజీలో ఆమె మీదికే వస్తారు. అంత నిజాయతీగా సమస్యను చూపిన కథ ఆ పుస్తకంలో అరుదు. తర్వాత ఏం జరిగిందో రాసే అవకాశం డిలేనికి రాలేదు. 204వ సంచికలో పాత దుస్తులు, శక్తులు, కడియాలు తిరిగి వచ్చాయి, సంపాదకుడిగా కానిగర్ కూడా.

హమ్మెల్ తన రాతప్రతులను జాగ్రత్తగా దాచుకుంది. అవి ఇప్పుడు స్మిత్సోనియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఏ కథ ఎవరు రాశారో ఈనాటి పరిశోధకులు తేల్చగలుగుతున్నది వాటివల్లే. 2018లో, 94 ఏళ్ల వయసులో, కామిక్స్ రచయితలకిచ్చే బిల్ ఫింగర్ పురస్కారం ఆమెకు దక్కింది. బ్యాట్‌మ్యాన్ సృష్టిలో సగపాలు ఉండీ బతికున్నంతకాలం సహసృష్టికర్తగా పేరు అచ్చుకాని రచయిత పేరుమీద నెలకొల్పిన పురస్కారం అది.